పుస్తకం మాట – మన మాట
(వ్యాసరచనలో ఆధారాలను వాడుకునే పద్ధతి)



సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగింది. కవితలు, జ్ఞాపకాలు రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అందుకని డిగ్రీకి, పి.జి.కి వెళ్లే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే ఒక విషయం ఎంచుకున్నాను. మనం వ్యాసం రాసేటప్పుడు ఇతరుల పుస్తకాలను, లెక్కలను, అభిప్రాయాలను ఎలా వాడుకోవాలి? వాటి మధ్య మన మాట ఎక్కడ ఉండాలి? ఇదీ ఆ విషయం.

ఎందుకు తెలుసుకోవాలి?

పదో తరగతి దాకా మన చదువు ఒక పద్ధతిలో సాగుతుంది. ప్రశ్న ఉంటుంది, గైడులో జవాబు ఉంటుంది, స్టడీ అవర్‌లో బట్టీ పడతాం, పరీక్షలో రాస్తాం. ఆ పద్ధతిని నేను తీసిపారెయ్యడం లేదు. మనలో చాలామందిని ఆ గైడే గట్టెక్కించింది. కానీ పై చదువుల్లో ప్రశ్న మారుతుంది. 'వ్రాయుము' అన్నచోట 'చర్చించండి', 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అని వస్తుంది. అసైన్‌మెంట్, సెమినార్ పేపర్, డిసర్టేషన్ అంటారు. ఏదో ఒక పుస్తకంలో తయారుగా ఉన్న జవాబు వీటికి సరిపోదు. నాలుగు పుస్తకాలు చూడాలి, అవి ఒకదానితో ఒకటి ఒప్పుకోకపోతే ఎవరి మాట ఎంతవరకు సరైనదో మనం తేల్చాలి.

చదువుకున్న ఇళ్లలో పిల్లలు రాసింది చూసి దిద్దే పెద్దవాళ్లుంటారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదే. మనకు చూసిపెట్టేది సీనియర్లే. కాబట్టి నేర్చుకున్నది నేర్చుకున్నట్టు వెనక వచ్చేవాళ్లకు చెప్పడం మన బాధ్యత.

సాక్షి చెప్పేది వేరు, వాదం వేరు

ఊళ్లో పంచాయతీ జరుగుతుందనుకోండి. గట్టు తగాదా. మన తరఫున ఒక సాక్షిని తీసుకొస్తాం. అతన్ని నిలబెట్టి మనం మౌనంగా కూర్చుంటే పంచాయతీ తేలదు. ఇతను ఎవరు, ఆ పొలం సంగతి ఇతనికి ఎలా తెలుసు, ఏం చూశాడు, అతను చూసినదాన్నిబట్టి గట్టు ఎవరిదని తేలుతుంది – ఇవన్నీ మనమే చెప్పాలి. అవతలివాళ్లు అడ్డు ప్రశ్న వేస్తే జవాబు కూడా మనమే చెప్పాలి.

వ్యాసంలో పుస్తకం సాక్షి. వాదం మనది. ఈ తేడా మరిచినప్పుడు మూడు రకాల వ్యాసాలు వస్తాయి. మొదటి రకంలో సాక్షులే ఉండరు, 'సమాజం మారాలి, యువత మేల్కొనాలి' లాంటి మాటలే ఉంటాయి. రెండో రకంలో సాక్షి మాటనే తన మాటగా రాసుకుంటారు. అది కాపీ. మూడో రకం చూడటానికి బాగుంటుంది. ఒక మేధావి ఇలా అన్నారు, ఇంకొకరు అలా అన్నారు, మరొకరు ఇంకోలా అన్నారు అని పేజీలు నిండుతాయి. పేర్లన్నీ సరిగ్గానే ఉంటాయి. కానీ రాసిన విద్యార్థి ఏమనుకుంటున్నాడో ఎక్కడా కనిపించదు.

25 ఏళ్ల విద్యార్థి రాసిన ఒక సెమినార్ పేపర్

ఈ విద్యకు మనకు దగ్గరగా ఉన్న గొప్ప ఉదాహరణ బాబాసాహెబ్ అంబేద్కర్ విద్యార్థిగా రాసిన వ్యాసం. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ గోల్డెన్‌వైజర్ అనే ఆచార్యుడి మానవశాస్త్ర సెమినార్‌లో 1916 మే 9న భారతదేశంలో కులాల పుట్టుక గురించి ఒక పత్రం చదివారు. అప్పటికి ఆయన వయసు 25. 1917లో అది 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో అచ్చయింది. మహారాష్ట్ర ప్రభుత్వం 1979లో తెచ్చిన ఆయన రచనల మొదటి సంపుటంలో అది ఉంది. దాదాపు ఇరవై పేజీలే. ఆధారాలను ఎలా వాడాలో తెలుసుకోవడానికి దాన్ని మించిన పాఠం నాకు దొరకలేదు.

కులం అంటే ఏమిటో చెప్పిన నలుగురిని ఆయన ముందు వరసగా నిలబెట్టారు. ఫ్రెంచి పండితుడు సెనార్ట్, ఇంగ్లీషువాళ్లు నెస్‌ఫీల్డ్, రిస్లీ, మన దేశస్థుడు కేట్కర్. వీరిలో రిస్లీ 1901 జనగణనకు కమిషనర్‌గా పనిచేసిన పెద్ద అధికారి. ఒక్కొక్కరి నిర్వచనాన్ని వారి మాటల్లోనే ఇచ్చారు. పాఠకుడికి వారి మాట సరిగా అందాలి కదా! ఆ తర్వాత ఒక్కొక్కరినీ పరిశీలించారు. ఆ పరిశీలన అందరికీ ఒకేలా లేదు. అక్కడే మనం నేర్చుకోవాల్సింది ఉంది.

సెనార్ట్ మైల అనే భావాన్ని కుల లక్షణంగా చెప్పారు. దానికి అంబేద్కర్ ఇచ్చిన జవాబు: మైల, శుద్ధి అనేవి పూజారి కర్మకాండకు సంబంధించినవి. పూజారి కులం పైన ఉంది కాబట్టి అవి కులానికి అంటుకున్నాయి. అంతేగాని కులానికి అసలు లక్షణం అది కాదు. అంటే, సెనార్ట్ చూసింది నిజమే అయినా అది అసలు సంగతి కాదని చూపించారు.

ఇతరులతో కలిసి తినకపోవడాన్ని నెస్‌ఫీల్డ్ కుల లక్షణాల్లో చేర్చారు. అంబేద్కర్ దీన్ని తిరగేశారు. కలిసి తినకపోవడం వల్ల కులం రాలేదు, కులంగా గిరి గీసుకున్నందువల్ల కలిసి తినడం ఆగిపోయింది. ఫలితాన్ని కారణంగా పొరబడ్డారని దాని సారాంశం.

రిస్లీ దగ్గరికి వచ్చేసరికి ఆయన నిర్వచనంలో ప్రత్యేకంగా చర్చించాల్సిన కొత్త సంగతి లేదని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఎంత పెద్ద అధికారి అయినా సరే, మన వాదానికి అవసరమైనంత చోటే ఇవ్వాలి. చదివిన ప్రతి పుస్తకానికీ ఒక పేజీ కేటాయించనక్కర్లేదు.

కేట్కర్‌ను ఆయన మెచ్చుకున్నారు. కేట్కర్ రెండు లక్షణాలు చెప్పారు. ఆ గుంపులో పుట్టినవారికే సభ్యత్వం ఉండటం ఒకటి, బయటివారిని పెళ్లి చేసుకోరాదన్న కట్టడి రెండోది. ఇవి రెండు కావని, ఒకే నాణేనికి రెండు వైపులని అంబేద్కర్ వివరించారు. బయటి పెళ్లిని ఆపేస్తే లోపల పుట్టినవాళ్లు తప్ప వేరే సభ్యులు ఎలాగూ రారు. అలా కేట్కర్ భుజం మీద నిలబడి తన మాటకు చేరుకున్నారు. కులానికి మూల లక్షణం తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం అన్నదే ఆయన వాదం.

ఇంకో రకం వాడకం కూడా ఆ వ్యాసంలో ఉంది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త టార్డ్ అనుకరణ గురించి కొన్ని సూత్రాలు చెప్పారు. పైవారిని కిందివారు అనుకరిస్తారు, దగ్గరున్నవారు ఎక్కువగా, దూరంగా ఉన్నవారు తక్కువగా అనుకరిస్తారు అని. ఇది భారతదేశం గురించి చెప్పిన మాట కాదు. అంబేద్కర్ దాన్ని ఒక పనిముట్టుగా తీసుకుని మన దేశానికి పెట్టి చూశారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం అనే మూడు ఆచారాలను తీసుకున్నారు. బ్రాహ్మణులకు దగ్గరగా ఉన్న కులాలు మూడింటినీ అనుకరించాయని, కొంచెం దూరంగా ఉన్నవి వైధవ్యాన్ని, బాల్యవివాహాన్ని, ఇంకా దూరంగా ఉన్నవి బాల్యవివాహాన్ని మాత్రమే తీసుకున్నాయని చూపించారు. సూత్రం టార్డ్‌ది, దాన్ని మన దేశానికి పెట్టి చూసిన పని అంబేద్కర్‌ది. ఎవరిది ఎంతో చదివేవారికి స్పష్టంగా తెలుస్తుంది.

చివర్లో తన సిద్ధాంతమే తుది మాట అని కూడా ఆయన అనలేదు. నిలవదని తేలితే వదులుకోవడానికి సిద్ధమన్నారు.

మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. ఎవరి గురించి దొరలు, పండితులు పుస్తకాలు రాశారో ఆ సమూహంలో పుట్టిన ఒక విద్యార్థి, ఆ పుస్తకాలన్నీ ముందు పెట్టుకుని ఇది సరి, ఇది సరికాదు అని తేల్చాడు. వాళ్లను తిట్టలేదు, వాళ్లకు మొక్కలేదు. వాళ్లేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పి, ఆ తర్వాత తన మాట చెప్పాడు. ఆధారాలను వాడటం నేర్చుకుంటే మార్కులు వస్తాయి, నిజమే. అంతకంటే ముఖ్యంగా, మన గురించి ఎవరో రాసినదానికి జవాబు చెప్పే శక్తి వస్తుంది.

నాలుగు మెట్లు

మనం రాసేటప్పుడు ప్రతి ఆధారానికీ ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

1. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?
2. సరిగ్గా ఏమని చెప్పారు?
3. దానికి అర్థమేమిటి? ఎంతవరకు నమ్మవచ్చు?
4. నా వాదానికి అది ఏ విధంగా పనికొస్తుంది?

మనలో చాలామంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. మార్కులు ఉండేది మూడు, నాలుగు మెట్ల దగ్గర. ఒక ఉదాహరణ చూద్దాం. అసైన్‌మెంట్‌లో ఒక విద్యార్థి ఇలా రాశాడనుకోండి:

"దేశంలో అక్షరాస్యత 72.99 శాతం. షెడ్యూల్డ్ కులాల అక్షరాస్యత 66.07 శాతం. కాబట్టి దళితులు విద్యలో వెనుకబడి ఉన్నారు."

అంకెలు సరైనవే. కానీ ఎక్కడివో, ఏ ఏడాదివో తెలియదు. వాటి మీద వివరణ లేదు. ఇదే విషయాన్ని ఇలా రాయవచ్చు:

"2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో అక్షరాస్యులు 64.84 శాతం కాగా షెడ్యూల్డ్ కులాల్లో 54.69 శాతం. 2011 జనగణన నాటికి ఇవి 72.99, 66.07 శాతానికి చేరాయి. అంటే పదేళ్లలో తేడా సుమారు 10 నుంచి 7కు తగ్గింది. అయితే మొత్తం జనాభా లెక్కలో షెడ్యూల్డ్ కులాలవారు కూడా కలిసే ఉన్నారు. వారిని విడదీసి మిగతావారితో పోలిస్తే తేడా ఇంకా ఎక్కువగానే కనిపిస్తుంది. పైగా ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చిన ప్రతివారినీ జనగణన అక్షరాస్యులుగానే లెక్కిస్తుంది. కనుక అక్షరం అందడంలో దూరం తగ్గిందనడానికి ఈ అంకెలు ఆధారమవుతాయి. కాలేజీ చదువు ఎంతమందికి అందిందన్న ప్రశ్నకు ఇవి జవాబు చెప్పవు."

రెండింటికీ తేడా గమనించారా? అంకెలు అక్కడివే. రెండో పేరాలో విద్యార్థి అంకెను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది ఏం చెబుతుందో చెప్పాడు, ఏం చెప్పదో కూడా చెప్పాడు.

ఇక్కడే ఇంకో చిక్కు. 2011 అక్షరాస్యత కొన్ని పుస్తకాల్లో 74.04 అని, కొన్నిట్లో 72.99 అని ఉంటుంది. ఏదో ఒకటి అచ్చుతప్పు అనుకోకండి. మొదటిది 2011లోనే వెల్లడించిన తాత్కాలిక లెక్క, రెండోది తర్వాత వచ్చిన తుది లెక్క. అందుకే మొదటి మెట్టులో 'ఎప్పుడు' అన్న ప్రశ్న కూడా పెట్టాను.

'అట' అనే మాట విలువ

ఆధారం చెప్పడం అంటే మనకు కొత్త విద్య అనుకుంటాం. నిజానికి అది మన మాటల్లోనే ఉంది. "పక్కూళ్లో వాన పడింది" అంటే నేను చూశానని. "పడిందట" అంటే ఎవరో చెబితే విన్నానని. చదువు రాని మన అవ్వలు కూడా ఈ తేడా ఎప్పుడూ తప్పరు. "ఎవరన్నారే?" అని అడిగితే పేరు కూడా చెబుతారు. వ్యాసంలో ఫుట్‌నోట్ చేసే పని ఇదే. విన్నదాన్ని చూసినట్టు చెప్పకూడదన్న నీతి అది.

'అన్నారు' అనే ఒక్క మాటతోనే సరిపెట్టకండి. ఒకరు వాదించి ఉంటారు, ఒకరు ఊహించి ఉంటారు, ఒకరు లెక్కలతో చూపించి ఉంటారు, ఒకరు ఒప్పుకుని ఉంటారు. "ఫలానా ఆయన నిరూపించారు" అని రాస్తే ఆ మాటకు మీరు కూడా పూచీ పడ్డట్టే. ఆయన ఊహించినదాన్ని నిరూపించారని రాస్తే సాక్షి చెప్పని మాట సాక్షి నోట పెట్టినట్టవుతుంది.

కాపీ ఎక్కడ మొదలవుతుంది?

ఇతరుల వాక్యం యథాతథంగా రాస్తే కొటేషన్ గుర్తులు పెట్టాలి, ఎవరిదో చెప్పాలి. ఇది అందరికీ తెలుసు. సొంత మాటల్లో రాసినా ఆలోచన ఇతరులదైతే పేరు చెప్పి తీరాలన్నది చాలామందికి తెలియదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఒక సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. రెఫరెన్స్ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఆ పేరాను తెలుగులోకి మార్చి రాస్తే భాష మనది కదా, కాపీ ఎలా అవుతుంది అనిపిస్తుంది. అవుతుంది. అనువాదం చేసినా ఆలోచన వారిదే. పైగా మాటకు మాట మార్చిన పేరా వారి భాషలోనూ ఉండదు, మన భాషలోనూ ఉండదు. చదివే లెక్చరర్‌కు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. నెట్‌లోంచి తీసినా, సెల్‌ఫోన్‌లో అడిగితే యంత్రం రాసిచ్చినా ఇదే సూత్రం. అది మీరు ఆలోచించి రాసింది కాదు, అందులోని అంకెలు, పేర్లు నిజమో కాదో మీరు చూసుకోలేదు.

సిద్ధాంత గ్రంథాల విషయంలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే సవరించి మళ్లీ ఇవ్వాలి, దానికి గడువు ఆరు నెలలు మించకూడదు. 40 నుంచి 60 శాతం ఉంటే సవరించిన ప్రతి ఇవ్వడానికి ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. పేరు చెప్పి సరిగ్గా ఉటంకించిన భాగాన్ని ఈ లెక్కలో కలపరు. ఇంత దూరం వచ్చిన మనకు ఒక్క ఏడాది పోవడమంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది కోసం ఇంటి దగ్గర ఇంకొకరు కూలికి వెళ్లాల్సి రావచ్చు.

అలవాటు చేసుకోవాల్సినవి

• నోట్సు రాసే ప్రతి పేజీ పైన పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, పేజీ నంబరు ముందే రాసుకోండి. జిరాక్స్ తీయిస్తే పుస్తకం మొదటి పేజీని కూడా తీయించండి. రూపాయికో రెండ్రూపాయలకో చూసుకుంటే చివర్లో లైబ్రరీ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

• నోట్సు పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పుస్తకం మాట, కుడివైపు దాని మీద మీకు తోచిన మాట. కుడివైపు ఖాళీగా ఉందంటే ఇంకా చదవడం పూర్తి కాలేదని అర్థం.

• చదివాక పుస్తకం మూసి, పక్క మంచం మీది స్నేహితుడికి విషయం చెప్పండి. అతనికి అర్థమైతే ఆ మాటల్నే కాగితం మీద పెట్టండి. తర్వాత పుస్తకం తెరిచి, రచయిత మాటను ఎక్కడైనా వక్రీకరించామా అని సరిచూసుకోండి.

• చట్టం, నిర్వచనం, కవిత్వం – వీటిలో మాట మారితే అర్థం మారుతుంది. వీటికే కొటేషన్ వాడండి. మిగతావి సొంత మాటల్లో చెప్పండి.

• కొటేషన్‌తో పేరా ముగించకండి. దాని తర్వాత మీ వాక్యం ఒక్కటైనా ఉండాలి. 'అంటే', 'దీన్నిబట్టి', 'అయితే' – ఈ మూడు మాటల్లో ఏదో ఒకదానితో ఆ వాక్యం మొదలుపెట్టి చూడండి. మీ ఆలోచన అదే బయటికి వస్తుంది.

• మీ వాదానికి అడ్డుపడే పుస్తకాన్ని దాచకండి. దాన్ని కూడా పిలిచి, దాని మాట చెప్పి, జవాబు చెప్పండి. వ్యాసానికి బలం అక్కడే వస్తుంది.

మన ఇంటి మాట కూడా ఆధారమే

చివరిగా ఒక మాట. మన వాడల చరిత్ర, మన వృత్తుల సంగతులు, వెట్టి రోజుల కష్టాలు చాలావరకు పుస్తకాలకెక్కలేదు. అవి మన తాతల, అవ్వల నోళ్లలో ఉన్నాయి. వాటిని కూడా వ్యాసంలో వాడవచ్చు. వాటికి కూడా అవే నాలుగు మెట్లు వర్తిస్తాయి. ఎవరు చెప్పారు, వయసెంత, ఏ ఊరు, మనం ఎప్పుడు అడిగాం అన్నది రాసుకోవాలి. రాస్తామని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. పేరు వద్దంటే పెట్టకూడదు. ఏళ్లు, తేదీలు తడబడితే ఇంకొకరిని అడిగి సరిచూసుకోవాలి. మనవాళ్లు కదా అని పరీక్షించకుండా ఒప్పుకోవద్దు. చదువు రానివాళ్లు కదా అని పక్కన పెట్టనూ వద్దు. పెద్ద ప్రొఫెసర్ పుస్తకానికి ఎంత గౌరవం ఇస్తామో అంతే గౌరవం, ఎంత పరీక్ష పెడతామో అంతే పరీక్ష.

వచ్చే ఏడాది సంచికకు మీలో కనీసం ఐదుగురు ఇలాంటి వ్యాసాలు రాయాలని నా కోరిక. మీ ఊరి చెరువు గురించో, మీ అమ్మ చేసే పని గురించో, ఈ హాస్టల్ గురించో రాయండి. రెండు పుస్తకాలు చూడండి, ఇద్దరు పెద్దవాళ్లను అడగండి, వాళ్ల మాట చెప్పి, ఆ పక్కనే మీ మాట కూడా రాయండి.

మీ అందరికీ పరీక్షల్లో మంచి ఫలితాలు రావాలని కోరుకుంటూ, జై భీమ్.

– పి.జి. విద్యార్థిని, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థిని